జీతం బ్యాంకులో పడుతుంది, చేతిలో ఉండదు: బరంపురం వైపు ఆసుపత్రి కార్మికులతో యూనియన్ పెట్టిన అనుభవం

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి వైపు ఆసుపత్రుల్లో ఊడ్చే తుడిచే పనివాళ్లకి కనీస వేతనం అందడం లేదని లేబర్ ఆఫీసులో చెప్తే, ముందు మనకే కాగితం చూపిస్తారు. కాగితం మీద అందరికీ అందుతోంది. బ్యాంకు షీటు ఉంటుంది, పీఎఫ్ (భవిష్య నిధి) కట్టిన చలాన్ ఉంటుంది, రెవెన్యూ స్టాంపు మీద సంతకం ఉంటుంది. మేం పనిచేసిన చోట నూట ఇరవై మంది దాకా ఉన్నారు, సగానికి పైగా తెలుగువాళ్లు. కొందరు ఇచ్ఛాపురం నుంచి తెల్లారకముందే రైలెక్కి వచ్చి ఉదయం డ్యూటీ అందుకునేవాళ్లు. ఆసుపత్రి పేరు, ఈ పనివాళ్లని కాంట్రాక్టు మీద పెట్టే ఏజెన్సీ పేరు ఇక్కడ అక్కర్లేదు. గుణుపురంలో అయినా రాయగడలో అయినా పద్ధతి ఇంచుమించు ఇదే.

ముందు లెక్క. 2024లో ఒడిశా ప్రభుత్వం సవరించిన రేట్లలో అన్‌స్కిల్డ్‌కి రోజుకి 450 రూపాయలు, సెమీస్కిల్డ్‌కి 500, స్కిల్డ్‌కి 550, హైలీ స్కిల్డ్‌కి 600. కరువు భత్యం కలిసినప్పుడల్లా ఇది కాస్త మారుతుంటుంది కాబట్టి ఏ నెలకి దావా వేస్తున్నామో ఆ నెల నోటిఫికేషన్ తీసి చూసుకోవాలి. ఇక్కడ 450 మీదే చెప్తాను. ఇచ్ఛాపురం వాళ్లకి ఆంధ్రా రేటా, ఒడిశా రేటా అని మొదట్లో చాలామంది అడిగారు. పని ఎక్కడ చేస్తే అక్కడి రేటే.

26 రోజులకి 11,700. అందులో కార్మికుడి వాటా పీఎఫ్ 12 శాతం, 1,404. ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) 0.75 శాతం, పైసలు సరిచేస్తే 88. ఖాతాలో పడాల్సింది 10,208. అంతే పడుతుంది, ఒక్క రూపాయి తగ్గదు. పదో తారీఖు లోపు సూపర్‌వైజర్ మనిషికి 2,500 నగదుగా వెనక్కి తీసుకుంటాడు. ఇక మిగిలేది 7,708. ఎందుకు ఇవ్వాలి అని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: "మీ పీఎఫ్, ఈఎస్ఐ మేం కడుతున్నాం గదా." యజమాని వాటా పీఎఫ్ ఖర్చులతో కలిపి 13 శాతం, 1,521. ఈఎస్ఐ 3.25 శాతం, 381. రెండూ కలిపి 1,902. అంటే తన వాటాని కార్మికుడి దగ్గరే రాబట్టి, పైన ఇంకో ఆరు వందలు కూడా వేసుకుంటున్నాడు. యజమాని వాటాని జీతంలోంచి కోయకూడదని పీఎఫ్ స్కీములోనే స్పష్టంగా ఉంది.

ఠికాదారుకి, అంటే ఏజెన్సీ నడిపే కాంట్రాక్టరుకి, ఇంత తెగువ ఎందుకంటే, టెండరు ఆడేటప్పుడు కనీస వేతనం కన్నా తక్కువ కోట్ చేయడానికి లేదు. పోటీ అంతా సర్వీసు చార్జి మీదే. నామమాత్రం చార్జికి పని దక్కించుకున్నవాడు లాభం ఎక్కణ్ణుంచి తెస్తాడు? జీతం పడిన ఖాతాల్లోంచే. ఈ సంగతి తెలియక మా మొదటి మెమొరాండంలో "రోజుకి 450 ఇవ్వాలి" అని రాసిచ్చాం. "ఇస్తున్నాం, ఇదిగో బ్యాంకు షీటు" అని జవాబొచ్చింది. రెండు నెలలు వృథా. నిరూపించాల్సింది రేటు కాదు, వెనక్కి వెళ్లిన నగదు.

అందుకే ముందు పుస్తకాలు కొన్నాం. పది రూపాయల నోటు పుస్తకం, మనిషికి ఒకటి. తేదీ, ఎక్కిన టైము, దిగిన టైము, వార్డు, ఎవరి బదులు చేశారు, ఎవరికి ఎంత ఇచ్చారు. బాల్ పెన్నుతో, ఏ రోజుది ఆ రోజే. తప్పు పోతే ఒక గీత గీసి పక్కన రాయాలి, దిద్దకూడదు. రాయడం రానివాళ్లకి పక్క వార్డు పిల్లలెవరైనా రాసి కింద తమ పేరు వేస్తారు. ఆదివారం ఆ వారం పేజీ ఫోటో తీసి ఒకే ఫోన్‌కి పంపాలి. దీనివల్ల ఒక లాభం ఉంది. పుస్తకం తర్వాత ఒక్క రాత్రిలో కూర్చుని రాశారని అవతలివాళ్లు అంటారు, అన్నారు కూడా. ప్రతి వారం వేరే తేదీతో వెళ్లిన ఫోటోలు చూపిస్తే ఆ మాట ఆగిపోయింది.

సూపర్‌వైజర్ దగ్గరుండే హాజిరా ఖాతా, అంటే హాజరు పుస్తకం, వేరు. అందులో నెలకి 26 కన్నా ఎక్కువ పడవు. 30 రోజులు చేసినా నాలుగు రోజులు రిలీవర్ (బదులు పనిచేసే మనిషి) పేరు మీద పడతాయి, ఆ రిలీవర్ ఎవరో ఎవరికీ తెలీదు. నైట్ డ్యూటీ పన్నెండు గంటలు చేయించి ఒక హాజరే వేస్తారు. టెండరు కాగితంలో షిఫ్టు 8 గంటలని ఉన్న చోట ఈ లెక్క ఒకసారి వేసి చూపించాలి. గంటకి 56 రూపాయల 25 పైసలు, ఓవర్‌టైముకి రెట్టింపు అంటే 112 రూపాయల 50 పైసలు. నాలుగు గంటలు అదనంగా చేస్తే 450. ఇంకో పూర్తి రోజు కూలి! మీటింగులో ఇది బోర్డు మీద వేసినప్పుడు ఉన్నంత నిశ్శబ్దం మరెప్పుడూ లేదు.

జీతం షీటు మీద సంతకం ఇంకో ఉచ్చు. 5,000 దాటిన రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం చేయిస్తారు. అంకె గళ్లు ఖాళీగా ఉంటాయి. వద్దంటే "రేపట్నుంచి రాకు" అంటాడు కాబట్టి సంతకం ఆపమని మేం చెప్పలేదు. సంతకం కింద ఆ రోజు తేదీ వేయమన్నాం, అంతే. నెల జీతం షీటు మీద 7వ తారీఖు అచ్చయి ఉండి, కింద సంతకాలన్నీ 19వ తారీఖువైతే చెప్పాల్సింది అదే చెప్తుంది. జీతం మరుసటి నెల ఏడో తారీఖు దాటకూడదు మరి.

అసలు ఆధారం మాత్రం బ్యాంకులో దొరికింది. చేరిన రోజే ఏటీఎం కార్డులు, పిన్ నంబర్లు సూపర్‌వైజర్ తీసిపెట్టుకున్నాడు. ఖాతాకి ముడిపెట్టిన ఫోన్ నంబరు కూడా కొందరిది అతనిదే. పాస్‌బుక్‌తో డబ్బు ఏ సమయానికి తీశారో తెలీదు. అందుకని బ్రాంచిలో రాతపూర్వకంగా అడగాలి: ఆర్నెల్ల స్టేట్‌మెంటు, డబ్బు తీసిన సమయం, ఏ ఏటీఎం నంబరు, అన్నీ ఉండాలని. ముప్పై ఒక్క మందివి వచ్చాయి. పక్కపక్కన పరిచి చూస్తే ఒకే సాయంత్రం, ఒకే ఏటీఎం, రెండు మూడు నిమిషాల తేడాతో ఒకరి తర్వాత ఒకరిది 2,500. ఆ వరస కూడా హాజిరా ఖాతాలో పేర్లు ఉన్న వరసే! కార్డుల కట్టని ఆ వరసలోనే రబ్బరు బ్యాండు వేసి ఉంచుకున్నట్టున్నాడు. ముప్పై ఒక్క మంది ఆడవాళ్లు ఒకే సాయంత్రం ఒకే మిషను ముందు, హాజిరా ఖాతా వరస ప్రకారం లైను కట్టారంటే ఎవరు నమ్ముతారు? ఇది చేతికొచ్చే దాకా కార్డులు వెనక్కి అడగొద్దని గట్టిగా చెప్పాం. ముందే అడిగితే పద్ధతి మార్చేస్తాడు, ఆధారం ఆగిపోతుంది. వచ్చాక మాత్రం ఒకే రోజు అందరూ పాత కార్డులు బ్లాక్ చేయించి, ఫోన్ నంబరు మార్పించారు. ఫోన్‌పేలో సూపర్‌వైజర్ బంధువుల నంబరుకి పంపినవాళ్ల స్క్రీన్‌షాట్లు దీనికి తోడు.

రెండో దిక్కు సమాచార హక్కు. ప్రభుత్వ ఆసుపత్రి అయితేనే నేరుగా కుదురుతుంది. ఒడిశాలో తెల్ల కాగితం మీద రాస్తే తీసుకోరు, ఫారం-ఎ నింపాలి, గుర్తింపు కార్డు నకలు జతచేయాలి, 10 రూపాయల కోర్టు ఫీ స్టాంపు. ఆంధ్రా వైపు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే తప్పుతారు. ఇంగ్లిష్, హిందీ, ఒడియా మూడింట్లో దేనిలోనైనా రాయొచ్చు, తెలుగులో కుదరదు. పనిలో ఉన్నవాళ్ల పేరుతో వేయకండి. బయటి మనిషి ఎవరైనా, రిటైరైన వాళ్లయితే ఇంకా మంచిది. "మొత్తం వివరాలు ఇవ్వండి" అంటే పని కాదు. అడగాల్సినవి: వర్క్ ఆర్డరు, ఒప్పందం నకలు, గత ఆరు నెలల బిల్లులు, వాటితో పెట్టిన వేతన షీట్లు, బిల్లులో చూపిన మనుషుల సంఖ్య కేటగిరీ వారీగా, పీఎఫ్ ఈసీఆర్ (ఎవరి పేరున ఎంత కట్టారో చూపే నెలవారీ రిటర్ను), ఈఎస్ఐ చలాన్లు, జీతాలు పంచేటప్పుడు ఆసుపత్రి తరఫున ఎవరు ఉన్నారన్నది. పేర్లున్నాయి, వ్యక్తిగత సమాచారం అని తిప్పికొడతారు. సమాచార హక్కు చట్టం పదో సెక్షన్ కింద పేర్లు కొట్టేసి మిగతాది ఇవ్వమని ముందే దరఖాస్తులో రాసేస్తే ఒక నెల మిగులుతుంది. 30 రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు, 20 రూపాయల స్టాంపు, రెండోదానికి 25.

మాకు వచ్చిన బిల్లులో నూట నలభై పైచిలుకు మంది ఉన్నారు. వార్డులు తిరిగి లెక్కపెడితే నూట ఇరవై కూడా లేరు.

ఇక యూనియన్. ఇది మేం 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం కింద పెట్టాం. దరఖాస్తుకి ఏడుగురు చాలని అందరికీ తెలుసు. కాని అక్కడ పనిచేసేవాళ్లలో పది శాతమో వంద మందో, ఏది తక్కువైతే అంత మంది సభ్యులుండాలన్నది 2001 సవరణ తర్వాత వచ్చింది. నూట ఇరవైలో అది పన్నెండు. చాలామంది ఏడుగురితో సంతకాలు పెట్టించి పంపేస్తారు, అదే ప్రమాదం. దరఖాస్తు వెళ్లాక సంతకందారుల్లో సగం మంది దాకా తప్పుకున్నా చెల్లుతుంది. సగం దాటితే ఆ రక్షణ లేదు. ఏడుగురిలో నలుగురిని ఇంటికి వెళ్లి బెదిరిస్తే చాలు, కథ ముగుస్తుంది. మేం ఇరవై ఒక్క మందితో పెట్టించాం, మూడు షిఫ్టుల నుంచీ, రెండు భాషల వాళ్ల నుంచీ. ఐదుగురు తగ్గారు, దరఖాస్తు నిలబడింది.

"ఏటమ్మా, పేరు రాయిస్తే తీసేత్తారట గదా" అన్న ప్రశ్నకి తియ్యగా అబద్ధం చెప్పకూడదు. తీసేయొచ్చు. తీస్తే ఏం చేస్తామో చెప్పాలి. మరుసటి రోజు మామూలు టైముకే గేటు దగ్గరికి యూనిఫాంలో వెళ్లాలి, ఇద్దరు సాక్షుల్ని పెట్టుకుని. "డ్యూటీకి వచ్చాను, లోపలికి రానివ్వలేదు" అని ఏజెన్సీకీ, ఆసుపత్రి సూపరింటెండెంట్‌కీ అదే రోజు స్పీడ్ పోస్టు చేయాలి. ఇంట్లో కూర్చుంటే "తనే మానేసింది" అని రాస్తారు. ముగ్గురికి ఇలా జరిగింది. ఉత్తరాలు ఉన్న ఇద్దరు తొందరగా లోపలికి వెళ్లారు, లేని మూడో మనిషికి నాలుగు నెలలు పట్టింది.

నిబంధనావళి రాసేటప్పుడు ఎక్కడో దొరికిన నకలు దించేస్తే రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి కొర్రీలతో తిరిగొస్తుంది. మాది ఒకసారి వచ్చింది: నిధి దేనికి ఖర్చు పెడతారు, ఏటా ఆడిట్ ఎలా, యూనియన్ రద్దయితే డబ్బు ఏమవుతుంది, ఈ మూడూ సరిగా లేవని. బయటివాళ్లు కార్యవర్గంలో మూడో వంతుకో ఐదుగురికో, ఏది తక్కువైతే దానికి మించకూడదు. చందా నెలకి 20 రూపాయలు పెట్టాం, వరస నంబర్లు అచ్చువేసిన రసీదు పుస్తకంతో. డబ్బు కోసమని కాదు. రేపు ఆ మనిషి సభ్యురాలేనా అని ఎవరైనా అడిగితే రసీదే జవాబు. ఏటా డిసెంబరు 31 వరకు లెక్కలతో రిటర్ను వేయడం మర్చిపోతే రిజిస్ట్రేషన్ పోతుంది. గొడవ సద్దుమణిగిన రెండో ఏడే యూనియన్లు చచ్చిపోయేది ఇలాగే.

2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల బదులు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి ఇప్పుడు పెట్టేవాళ్లకి చట్టం పేరు మారింది. ఏడుగురు, పది శాతం లెక్క అలాగే ఉంది. పాత యూనియన్ రిజిస్ట్రేషన్ కొనసాగుతుంది, నిబంధనలు కొత్త కోడ్‌కి అనుగుణంగా ఉన్నాయని రిజిస్ట్రార్‌కి రాసివ్వాలి. దావా గడువులో మాత్రం కార్మికుడికి మేలు జరిగింది. 1948 కనీస వేతనాల చట్టం కింద ఆరు నెలలే ఉండేది, వేతన కోడ్‌లో మూడేళ్లు. డబ్బు ఇచ్చామని నిరూపించే బాధ్యత యజమానిదే అని కూడా రాశారు. రావాల్సినదానికి పది రెట్ల వరకు పరిహారం పాత చట్టంలోనూ ఉండేది, ఇప్పుడూ ఉంది. చేతికి అందుతుందని ఆశపెట్టుకోకండి. సమ్మె మాత్రం కష్టమైంది, ఏ సంస్థలో అయినా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, రాజీ చర్చలు నడుస్తుండగా చేయకూడదు. ఆసుపత్రిలో సమ్మె ఎలాగూ మొదటి ఆయుధం కాదని నా అభిప్రాయం. రాత్రి షిఫ్టు దిగేవాళ్లు, ఉదయం ఎక్కేవాళ్లు గేటు దగ్గర కలిసే ఆ పావుగంటలో నల్ల రిబ్బన్లు కట్టుకుని నిలబడితే ఎవరి హాజరూ పోదు, రోగులకి ఇబ్బంది లేదు, అందరూ చూస్తారు.

లేబర్ ఆఫీసులో పిటిషన్ ఒడియాలో ఉంటే చదువుతారు, ఇంగ్లిష్‌లో ఉంటే పక్కన పెడతారు. కోర్టు బయట టైపు చేసేవాళ్ల దగ్గర చేయించి, పంపే ముందు తెలుగులో అందరికీ చదివి వినిపించాలి. వెనక ఒక పట్టిక: పేరు, భర్త లేదా తండ్రి, చేరిన తేదీ, యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల నంబరు), ఈఎస్ఐ నంబరు, నెలవారీ పనిచేసిన రోజులు, రావాల్సింది, చేతికి అందింది, తేడా. ఒక్కరి లెక్క తప్పినా అవతలి వకీలు దాన్నే పట్టుకుని లాగుతాడు. అందుకే అనుమానమున్న ఏడుగురిని మొదటి దావాలోంచి తీసేశాం, వాళ్లకి కోపం వచ్చినా సరే. కాపీ మీద ముద్ర, డైరీ నంబరు వేయించుకోకుండా కిటికీ దగ్గర్నుంచి కదలకూడదు.

వాయిదాలు మూడు నాలుగు ఊరికే పోతాయి. ఏజెన్సీ తరఫున ప్రతిసారీ కొత్త కుర్రాడు వస్తాడు, "సార్‌ని అడిగి చెప్తా" అంటాడు. అసలు మలుపు లేబర్ ఆఫీసులో కాదు, ఆసుపత్రి అకౌంట్సులో వచ్చింది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే, అంటే ఇక్కడ ఆసుపత్రే, కట్టాలని 1970 కాంట్రాక్టు లేబర్ చట్టంలో ఉండేది, ఇప్పుడు వేతన కోడ్‌లోనూ ఉంది. ఈ మాటతో సూపరింటెండెంట్‌కి ఉత్తరం రాసి, బ్యాంకు స్టేట్‌మెంట్ల పట్టిక జతచేసి, దాని నకలు బిల్లులు పాస్ చేసే సెక్షన్ ఫైల్లో పడేలా డాక్‌లో ఇచ్చాం. ఆ కాగితం ఫైల్లో ఉండగా బిల్లు మీద సంతకం పెట్టడానికి ఏ గుమాస్తా ఇష్టపడడు. బిల్లు ఆగింది. వారంలో ఠికాదారు తనే వచ్చాడు.

దీనికి ఎదురు దెబ్బ ఒకటుంది, దానికి ముందే సిద్ధంగా ఉండాలి. బిల్లు ఆగిందని ఆ నెల జీతాలు ఆపేసి, "మీ యూనియన్ వల్లే" అని వార్డు వార్డుకీ చెప్పిస్తారు. బిల్లు వచ్చినా రాకపోయినా జీతం ఏడో తారీఖుకి ఇవ్వాల్సిందే, బిల్లుకీ జీతానికీ లంకె లేదని బిల్లు ఆపించే ముందే అందరికీ చెప్పాలి. మేం సగం మందికే చెప్పగలిగాం. ఆ నెల ఇరవయ్యో తారీఖు దాకా మీటింగులకి పదిహేను మంది కూడా రాలేదు.

ఒప్పందం లేబర్ ఆఫీసరు ముందే, రాజీ ఒప్పందంగా రాయించుకోవాలి. అలా రాస్తే అక్కడ పనిచేసే అందరికీ వర్తిస్తుంది. బయట కాగితం మీద రాసుకున్నది సంతకం చేసినవాళ్లకే. మాదాంట్లో బకాయి మూడు వాయిదాల్లో, బ్యాంకు ద్వారా మాత్రమే, నగదు ఒక్క రూపాయి కూడా వద్దు. నెలనెలా వేతన స్లిప్పు. హాజిరా ఖాతాలో కార్మికుడే సంతకం పెట్టడం. ఏజెన్సీ మారినా ఇదే మనుషుల్ని కొనసాగించమని ఆసుపత్రి టెండర్లో పెట్టడం. అడిగినదంతా రాలేదు. వెనక్కి తీసుకున్న నగదులో నిరూపించగలిగిన ముప్పై ఒక్క మందిదే వచ్చింది. ఓవర్‌టైము మీద ఇప్పటికీ వాయిదాలే. ఏజెన్సీ మార్పు నిబంధన చట్టపరంగా బలహీనం, అందుకే కాంట్రాక్టు ముగియడానికి మూడు నెలల ముందే కొత్త టెండరు కాగితం తెప్పించుకుని చూడాలి. పాతవాళ్లని కొత్తగా చేర్చుకుంటున్నట్టు నటించి, చేరడానికే డబ్బు అడిగేది ఆ సందులోనే.

పీఎఫ్ విషయం ఇంకా తేలలేదు. బరంపురంలో పీఎఫ్ రీజనల్ ఆఫీసు ఉండటం మనకి అదృష్టమే, కాని చిక్కు ఆఫీసుతో కాదు, పేర్లతో. ఒడియా రాతలో వ బదులు బ రాస్తారు. వరలక్ష్మి హాజిరా ఖాతాలో బరలఖ్మి అయింది, అక్కణ్ణుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లి పీఎఫ్ ఖాతా ఎక్కింది. ఆధార్ ఇచ్ఛాపురంలో తెలుగులోంచి తీసింది, అందులో ఇంటిపేరు ముందు, ఇందులో చివర. ఏజెన్సీ మారినప్పుడల్లా పాత యూఏఎన్ వాడకుండా కొత్తది పుట్టించారు, పాతదాంట్లో పని మానేసిన తేదీ వేయలేదు. ఆ తేదీ ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత మనమే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు, ఆధార్ కలిసి ఉంటే. కలవకపోతే జాయింట్ డిక్లరేషన్ (వివరాలు సరిచేయమని కార్మికుడు, యజమాని కలిసి ఇచ్చే కాగితం) కావాలి, దానిమీద పాత ఏజెన్సీ సంతకం కావాలి. మొదటి ఏజెన్సీ ఆఫీసు అని రాసి ఉన్న చిరునామాకి వెళ్తే ఇప్పుడక్కడ మొబైల్ రిపేరు షాపు ఉంది. షాపు ఫోటో, పక్కింటివాళ్ల రాతపూర్వక మాట జతచేసి, సంస్థ మూతపడిందని పీఎఫ్ ఆఫీసుకి రాశాం. డైరీ నంబరు పడింది.